మీ వైఫైలో ముక్కూమొహం తెలియని డివైజ్ కనిపిస్తే, అదేంటో తేల్చుకోవడం ఎలా

రౌటర్ యాప్ తెరిస్తే 17 డివైజ్‌లు కనెక్ట్ అయ్యాయని చూపిస్తుంది, ఇంట్లో ఉన్నదేమో నలుగురు. అందులో సగం పేర్లు చదివినా ఏమీ అర్థం కాదు. ఒకటి ‘అన్‌నోన్’ అని ఉంటుంది, ఇంకోటి ఏదో చైనా ఊరి పేరుతో మొదలవుతుంది, ఇక టెన్షన్ మొదలు. పై ఫ్లాట్ బ్యాచిలర్లే వాడేస్తున్నారని ఒకరు, వాచ్‌మన్ కొడుకు అయ్యుంటాడని ఇంకొకరు, ఫోన్ హ్యాక్ అయిందేమోనని మరొకరు. మా చుట్టాల ఇళ్లలో నెట్ సమస్య ఏదొచ్చినా చివరికి నా ఫోనే మోగుతుంది కాబట్టి చెప్తున్నా, నేను చూసిన వాటిలో చాలావరకు ఆ ‘దొంగ’ ఇంట్లోనే దొరికాడు, గోడకో సీలింగ్‌కో బిగించి, వాళ్లే డబ్బులు పెట్టి కొన్నది. అలాగని ప్రతిసారీ అదే అవుతుందని వదిలేయకూడదు. ఓపిగ్గా కూర్చుంటే ఒక ఆదివారం మధ్యాహ్నంలో తేలిపోయే పని ఇది.

అన్నిటికంటే ముందు ఒక మాట: వెంటనే పాస్‌వర్డ్ మార్చేయకండి. అందరూ చేసే మొదటి పని అదే, యూట్యూబ్ వీడియోల్లో చెప్పేదీ అదే. మార్చగానే ఆ డివైజ్ మాయమవుతుంది, దాంతో పాటు అదేంటో తెలుసుకునే ఆధారాలు కూడా పోతాయి. అది మీ ఇంటి బల్బో ఏసీనో అయితే వారం తర్వాత అది పనిచేయట్లేదని మీరే కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలుపుతారు, లిస్టులో అదే అన్‌నోన్ మళ్లీ ప్రత్యక్షం. పాస్‌వర్డ్ ఇచ్చింది ఇంట్లో వాళ్లే అయితే కొత్తది కూడా సాయంత్రానికి వాళ్లే ఇచ్చేస్తారు. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పేరు, ఐపీ (రౌటర్ ఆ డివైజ్‌కి ఇచ్చే నంబర్), మ్యాక్ అడ్రస్ (డివైజ్‌లోని వైఫై భాగానికి ఉండే గుర్తింపు నంబర్) మూడూ కనిపించేలా. మార్చడం తర్వాత చూద్దాం.

ముందు మన ఇంటి లెక్క తేలాలి

ఒక కాగితం తీసుకుని గది గదికీ తిరిగి రాయండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అందరికీ గుర్తుంటాయి, మర్చిపోయేవి వేరే. టీవీ ఒకటి, దాని వెనక గుచ్చిన స్టిక్ ఇంకొకటి, రెండూ విడివిడిగా కనెక్ట్ అయ్యుంటాయి. సెట్‌టాప్ బాక్స్. వైఫై ఉన్న ఏసీ, గీజర్, వాషింగ్ మెషిన్, కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు పంపిన మనిషి యాప్‌లో కలిపి పోయి ఉంటాడు, ఆ తర్వాత ఆ యాప్ ఎవరూ తెరిచి ఉండరు. మేడ మీద సోలార్ పెట్టించుకుంటే దాని ఇన్వర్టర్‌కి చిన్న వైఫై డాంగిల్ ఉంటుంది. సీసీ కెమెరాల రికార్డర్, కాలింగ్ బెల్, ప్రింటర్, పిల్లాడికి ఆడుకోవడానికి ఇచ్చిన పగిలిన పాత ఫోన్, ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్. ఆపిల్ వాచ్ ఉంటే దానికి పాస్‌వర్డ్ ఎవరూ కొట్టక్కర్లేదు, జత చేసిన ఐఫోన్‌కి తెలిసిన నెట్‌వర్క్‌లోకి అదే వచ్చి చేరుతుంది, అందుకే ‘నేనెప్పుడూ కలపలేదు’ అని ప్రమాణం చేసి మరీ చెప్తారు.

తర్వాత, పాస్‌వర్డ్ ఎవరెవరికి ఇచ్చారో కూడా రాయండి. కోచింగ్‌కని వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లిన మేనల్లుడు, బోనాలకి వచ్చిన చుట్టాలు, ఇంటికొచ్చే ట్యూషన్ సార్. నెట్ కనెక్షన్ బిగించడానికి వచ్చిన కుర్రాడు టెస్టింగ్‌కని తన ఫోన్ కలుపుకుంటాడు, తీసేయడం మర్చిపోతాడు, ఆర్నెల్ల తర్వాత పక్క ఫ్లాట్‌లో కంప్లైంట్ చూడ్డానికి వస్తే ఆ ఫోన్ మీ వైఫైలోకి దానంతట అదే ఎక్కేస్తుంది, పాపం అతనికే తెలియదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్‌లో సేవ్ అయిన వైఫైని క్యూఆర్ కోడ్‌గా చూపించి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు కాబట్టి మీరు ఒక్కరికి ఇస్తే అది నలుగురికి చేరి ఉండొచ్చు.

రౌటర్‌లోకి వెళ్లడం

కంపెనీ యాప్ ఉంటే అందులోనే లిస్టు ఉంటుంది. లేకపోతే బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టాలి, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, జియో ఫైబర్ వాళ్లదైతే 192.168.29.1. ఇవేవీ తెరుచుకోకపోతే ఫోన్ వైఫై సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కండి, గేట్‌వే లేదా రౌటర్ అని ఎదురుగా ఉన్న నంబరే అది. లాగిన్ పాస్‌వర్డ్ చాలా రౌటర్లకి అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది.

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో రెండు డబ్బాలుంటాయి, నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బా ఒకటి, సిగ్నల్ చాలట్లేదని మనం కొనుక్కున్న రౌటర్ ఇంకొకటి. అప్పుడు మొదటి డబ్బాలోకి వెళ్లి చూస్తే మీ సొంత రౌటరే తెలియని డివైజ్‌గా కనిపిస్తుంది, దాని వెనకున్న ఫోన్లేవీ కనిపించవు. బెడ్‌రూమ్‌లో రిపీటర్ పెట్టుకున్న ఇళ్లలో ఇంకో తిరకాసు, కొన్ని రిపీటర్లు తమ వెనకున్న డివైజ్‌ల అసలు అడ్రస్‌లు చూపించకుండా తమదే చూపిస్తాయి. కాబట్టి మీరు చూస్తున్నది ఏ డబ్బా లిస్టో ముందు తేల్చుకోండి, ఉన్న అన్ని డబ్బాల్లోనూ చూడండి.

లిస్టులు కూడా రెండు రకాలు. ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నవాటి లిస్టు ఒకటి. డీహెచ్‌సీపీ లిస్టు ఇంకొకటి, రౌటర్ ఎవరెవరికి ఐపీ నంబర్ ఇచ్చిందో ఆ చిట్టా అది. ఇచ్చిన నంబరుకి గడువుంటుంది, చాలా రౌటర్లలో ఒక రోజు దాకా, ఆ గడువు తీరేవరకు మనిషి వెళ్లిపోయినా పేరు అలాగే ఉంటుంది. నిన్న పొద్దున ఎంజీబీఎస్‌లో బస్సెక్కి వెళ్లిపోయిన బావగారి ఫోన్ ఇవాళ కూడా మీ ఇంట్లోనే ఉన్నట్టు కనిపించేది అందుకే. ఆన్‌లైన్ అనో యాక్టివ్ అనో గుర్తున్నవాటినే లెక్కలోకి తీసుకోండి.

పేరు నమ్మకండి, మ్యాక్ చూడండి

లిస్టులో కనిపించే పేరు ఆ డివైజ్ తన గురించి తాను చెప్పుకున్నదే, రౌటర్ దాన్ని సరిచూడదు. విండోస్ కంప్యూటర్లయితే డెస్క్‌టాప్ అనే మాట, పక్కన అర్థం లేని ఏడక్షరాలు. ఫోన్లయితే మోడల్ పేరు, లేదంటే ఉత్త ‘ఆండ్రాయిడ్’. నిజంగా దొంగతనంగా వాడేవాడు తన ఫోన్‌కి మీ టీవీ పేరే పెట్టుకోవచ్చు, అందుకు అర నిమిషం చాలు.

మ్యాక్ అడ్రస్ కొంచెం మేలు. రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు, మొత్తం 12 అక్షరాలు, 0 నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లిష్ అక్షరాలు. మొదటి మూడు జతలు ఏ కంపెనీవో ఐఈఈఈ అనే సంస్థ కేటాయిస్తుంది, బండి నంబర్‌లో టీజీ 09 చూడగానే ఖైరతాబాద్ రిజిస్ట్రేషన్ అని తెలిసిపోయినట్టే, ఆ మూడు జతలతో తయారీదారు తెలిసిపోతాడు. ఆ మూడు జతల్నే ఓయూఐ అంటారు, వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ వాళ్ల ఓయూఐ లుకప్ పేజీలో ఆ ఆరక్షరాలు పేస్ట్ చేస్తే కంపెనీ పేరు వస్తుంది. ఫింగ్ అనే యాప్ ఫోన్‌లో వేసుకుంటే డివైజ్‌ల లిస్టు అదే చూపిస్తుంది, కంప్యూటర్ పెద్దగా తెలియనివాళ్లకి అదే సుఖం.

అయితే వచ్చిన పేరు చూసి కంగారు పడకూడదు. అది డబ్బా మీద అచ్చేసిన బ్రాండ్ పేరు కాదు, చాలాసార్లు లోపలున్న వైఫై చిప్ లేదా మాడ్యూల్ చేసినవాడిది. హోన్ హై ప్రెసిషన్ అంటే ఫాక్స్‌కాన్, అది ల్యాప్‌టాప్ కావచ్చు, ప్రింటర్ కావచ్చు, గేమ్ ఆడుకునే డబ్బా కావచ్చు. లైట్ఆన్, అజ్యూర్‌వేవ్, ఇంటెల్ అంటే ఎక్కువగా ల్యాప్‌టాప్‌లు. అమెజాన్ టెక్నాలజీస్ అంటే ఎకో, ఫైర్ టీవీ స్టిక్, కిండిల్, మూడిట్లో ఏదో ఒకటి. హాంగ్‌జౌ హిక్‌విజన్ అంటే కెమెరా లేదా దాని రికార్డర్. షెన్‌జెన్ అని మొదలైతే చైనావాళ్లు చొరబడ్డారని అర్థం కాదు, మనం కొనే ఎలక్ట్రానిక్స్‌లో చాలా వస్తువులు ఆ ఊరి నుంచే వస్తాయి.

ఎస్ప్రెసిఫ్ అనే పేరు వస్తే దాదాపు తేలిపోయినట్టే. షాంఘై కంపెనీ అది, ఈఎస్‌పీ 8266, ఈఎస్‌పీ 32 అనే చవక చిప్‌లు చేస్తుంది. స్మార్ట్ ప్లగ్, బల్బు, ఫ్యాన్ రెగ్యులేటర్, మోటర్ కంట్రోలర్ లాంటివాటిలో ఎక్కువగా కనపడేవి అవే. పేరు కూడా ఈఎస్‌పీ అని మొదలై పక్కన ఆరక్షరాలుంటే, ఆ ఆరూ మ్యాక్ అడ్రస్ చివరి ఆరక్షరాలతో సరిపోలుతున్నాయేమో చూడండి, సరిపోతే అది ఫ్యాక్టరీ పెట్టిన పేరే, ఎవరూ మార్చలేదన్నమాట.

ఇక అసలు చిక్కు. లుకప్‌లో పెడితే ఏ కంపెనీ పేరూ రాకపోతే, మ్యాక్‌లో రెండో అక్షరం చూడండి. అది 2, 6, ఏ (A), ఈ (E) అనే నాలుగింటిలో ఒకటైతే, ఉదాహరణకి 72:15:90 అని మొదలైతే, అది కంపెనీ ఇచ్చిన అడ్రస్ కాదు, ఆ డివైజ్ తనకు తాను పెట్టుకున్న దొంగ నంబర్. దొంగ అన్నానని భయపడకండి, మన మంచికే. మాల్‌లోనూ మెట్రోలోనూ తిరిగే ఫోన్‌ని దాని మ్యాక్‌తో వెంటాడకుండా ఉండాలని 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు నెట్‌వర్క్‌కో అడ్రస్ సొంతంగా తయారు చేసుకుంటున్నాయి. మీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేరు ఉంటే ఒకే ఫోన్ రెండు వేర్వేరు డివైజ్‌లుగా లిస్టులోకి ఎక్కుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అడ్రస్ మారిపోయి మళ్లీ కొత్తదిలా కనిపిస్తుంది. ఇలాంటి అడ్రస్ కనిపిస్తే చాలావరకు అది ఎవరిదో ఫోన్ లేదా ట్యాబ్ అనుకోవచ్చు, బల్బో గీజరో ఇలా చేయడం అరుదు.

ఎవరి ఫోన్ అనేది పట్టుకోవడం తేలికే. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగులు తెరిచి మీ నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్తే ప్రస్తుతం వాడుతున్న మ్యాక్ కనిపిస్తుంది. ఐఫోన్‌లో నెట్‌వర్క్ పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కితే వైఫై అడ్రస్ అని ఉంటుంది. అబౌట్ ఫోన్‌లో చూపించే అడ్రస్‌తో పోల్చకండి, కొన్ని ఫోన్లలో అక్కడ ఫ్యాక్టరీ అడ్రస్ ఉంటుంది, అది సరిపోలదు. ఇంట్లో అందరి ఫోన్లూ ఒక్కొక్కటిగా తీసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోండి. టీనేజ్ పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క అడుగే కాస్త గొడవతో కూడుకున్నది, ఫోన్ చేతికివ్వరు.

ఫ్యూజులు తీసి చూడండి

ఇంకా ఏదైనా మిగిలితే నాకు నచ్చిన పద్ధతి ఇది, ఏ యాప్ కంటే బాగా పనిచేస్తుంది. రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందని చూసుకోండి, లేకపోతే ముందు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో అక్కడికి మార్చండి. ఇప్పుడు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఎంసీబీలు (పాత ఫ్యూజుల బదులు ఉండే స్విచ్‌లు) ఒక్కొక్కటే దించుతూ, ఒక్కోదానికి ఐదు నిమిషాలు ఆగి, లిస్టు రిఫ్రెష్ చేయండి. బెడ్‌రూమ్ ఎంసీబీ దించగానే మాయమైతే ఆ డివైజ్ బెడ్‌రూమ్‌లో ఉన్నట్టు. గీజర్ లైన్ దించితే పోయిందంటే ఇక చెప్పేదేముంది. అన్నీ దించినా కదలకుండా ఉందంటే అది బ్యాటరీ మీద నడిచేదో, ఇన్వర్టర్ లైన్ మీదున్నదో, లేదా మీ ఇంట్లోనే లేనిదో. ముందుగా కంప్యూటర్లు షట్‌డౌన్ చేయండి, ఫ్రిజ్ ఎంసీబీ చివర్లో చూసుకోండి. మామూలుగా కరెంట్ పోయినప్పుడు కూడా ఇదే పని చేయొచ్చు, ఎలాగూ చీకట్లో కూర్చుని ఫోనే చూస్తాం.

దాని నడవడిక కూడా కొంత చెప్తుంది. రోజంతా, రాత్రి మూడింటికి కూడా ఆన్‌లైన్‌లో ఉండి రోజుకి కాసిన్ని ఎంబీలే వాడితే అది గోడకి బిగించిన వస్తువు. పొద్దున తొమ్మిదికి పోయి సాయంత్రం ఏడింటికి వస్తే ఆఫీసుకెళ్లే మనిషి జేబులోది. 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే ఎక్కువగా ఫోనో ల్యాప్‌టాపో టీవీనో, చవక స్మార్ట్ వస్తువులు చాలావరకు 2.4 మీదే నడుస్తాయి. రౌటర్‌లో సిగ్నల్ బలం చూపిస్తే అది మైనస్‌లో ఉంటుంది, మైనస్ 40 అంటే పక్కనే ఉన్నట్టు, మైనస్ 80 అంటే నాలుగు గోడల అవతల. ఆ అవతల అనేది పక్క ఫ్లాటూ కావచ్చు, మీ మేడా కావచ్చు.

బోడుప్పల్‌లో మా చిన్నమ్మ వాళ్ల ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. “ఒరేయ్, మన వైఫై ఎవడో వాడుతుండురా, పక్కింటి పోరగాళ్లే అయ్యుంటరు” అని పొద్దున్నే ఫోన్. “చిన్నమ్మా, ముందు ఎవర్నీ ఏమనకు, ఆ లిస్టు ఫొటో తీసి పంపు” అన్నా. చూస్తే తయారీదారు ఎస్ప్రెసిఫ్, పేరు ఈఎస్‌పీతో మొదలు, చివరి ఆరక్షరాలు మ్యాక్‌తో అచ్చంగా సరిపోయాయి, 2.4 గిగాహెర్ట్జ్, సిగ్నల్ మైనస్ 79. ఇంట్లో స్మార్ట్ బల్బులున్నాయా అంటే లేవంది, ప్లగ్గులున్నాయా అంటే అవేంటంది. ఎంసీబీ దించి చూడమంటే సీరియల్ టైమ్, కుదరదంది. సరే అని రౌటర్‌లో దాన్ని బ్లాక్ చేయించా. సాయంత్రానికి చిన్నాయన గొంతు, “మోటర్ యాప్ ఆఫ్‌లైన్ అని చూపిస్తుందేందిరా?” బోరు మోటర్ స్టార్టర్ పక్కన ఎలక్ట్రీషియన్ ఎండాకాలంలో ఒక వాటర్ లెవల్ కంట్రోలర్ బిగించి, దాన్ని చిన్నాయన ఫోన్‌లో కలిపి పోయాడు. చిన్నమ్మకి ఆ సంగతే తెలియదు. పక్కింటి పోరగాళ్లు పాపం మాకు తెలియకుండానే నిర్దోషులయ్యారు.

బ్లాక్ చేసి ఎవరు అరుస్తారో చూడటం అనే ఈ పద్ధతి మొరటుదే, అయినా చాలా ఇళ్లలో ఇక్కడే తేలిపోతుంది. రౌటర్‌లో ఆ డివైజ్ ఎదురుగా బ్లాక్ అనో పాజ్ అనో ఉంటుంది, లేకపోతే మ్యాక్ ఫిల్టర్ అని వెతకండి. పగటిపూట, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు చేయండి. సీసీ కెమెరా కావచ్చు అనిపించినదాన్ని రాత్రికో, ఊరెళ్లేటప్పుడో బ్లాక్ చేసి వదిలేయకండి, మోటర్‌దైతే ట్యాంకు నిండిందో లేదో వెళ్లి చూసుకోవాల్సి వస్తుంది.

కొంచెం లోతుగా వెళ్లేవాళ్లకి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి స్పేస్ ఇచ్చి ఆ డివైజ్ ఐపీ ఇవ్వండి. జవాబులో టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, 128 అయితే విండోస్ కంప్యూటర్ అనుకోవచ్చు, 64 అయితే ఆండ్రాయిడ్, ఐఫోన్, టీవీ, లినక్స్ మీద నడిచే ఏదైనా. జవాబే రాకపోతే లేనట్టు కాదు, ఫోన్ నిద్రలో ఉండొచ్చు, విండోస్ ఫైర్‌వాల్ ఆ పింగ్‌ని అడ్డుకుని ఉండొచ్చు. వెంటనే అదే కిటికీలో ఏ, ఆర్, పీ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు, స్పేస్, మైనస్ గుర్తు, ఏ కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఐపీకి ఏ మ్యాక్ ఉందో వస్తుంది. పింగ్‌కి పలకనిది కూడా ఇక్కడ చాలాసార్లు దొరికిపోతుంది.

బ్రౌజర్‌లో ఆ ఐపీ కొట్టి చూడటం మర్చిపోకండి. ప్రింటర్, కెమెరా, రిపీటర్ లాంటివి చాలావరకు తమ లాగిన్ పేజీ చూపించేస్తాయి, కంపెనీ లోగోతో సహా. అదీ కాకపోతే ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏ పోర్టులు (ఒక్కో రకం పనికి డివైజ్ వాడే నంబర్ ఉన్న ద్వారాలు) తెరిచి ఉన్నాయో చూడొచ్చు, ఫింగ్‌లో కూడా ఆ ఆప్షన్ ఉంది. 9100 లేదా 631 తెరిచి ఉంటే ప్రింటర్. 554 అంటే వీడియో పంపే వస్తువు, అంటే ఎక్కువగా కెమెరా. 8009 అంటే క్రోమ్‌కాస్ట్ లేదా ఆండ్రాయిడ్ టీవీ, 62078 అంటే ఐఫోన్ లేదా ఐప్యాడ్, 445 అంటే ఫైళ్లు షేర్ చేస్తున్న కంప్యూటర్, 6668 అంటే తుయా అనే కంపెనీ ప్లాట్‌ఫామ్ మీద నడిచే స్మార్ట్ వస్తువు. చిన్నమ్మ వాళ్ల మోటర్ కంట్రోలర్‌లోనూ తర్వాత చూస్తే అదే తెరిచి ఉంది. మీ సొంత నెట్‌వర్క్‌లోనే ఇది చేయండి, ఆఫీసులో సరదాగా స్కాన్ మొదలుపెడితే ఐటీ వాళ్లు మీ సీటు దగ్గరికి వస్తారు.

అద్దె ఇల్లు, హాస్టల్, ఒకరోజు కోసం తీసుకున్న రూమ్, ఇలాంటి చోట 554 తెరిచిన డివైజ్ కనిపించి, ఆ కెమెరా ఎక్కడుందో కంటికి కనపడకపోతే అది వేరే సంగతి. దాన్ని పీకేయకండి, ముట్టుకోకండి, స్క్రీన్‌షాట్లు, ఫొటోలు తీసుకుని బయటికొచ్చి 112కి ఫోన్ చేయండి, లేదా షీ టీమ్స్‌ని కలవండి. స్కాన్‌లో ఏమీ దొరకలేదని నిశ్చింతగా ఉండటం కూడా కుదరదు, లోపలున్న మెమరీ కార్డులోకి రికార్డ్ చేసేది, సిమ్ మీద నడిచేది మీరు కలిసిన వైఫైలో కనపడనే కనపడదు. అక్కడ కళ్లతో వెతకాల్సిందే.

నిజంగానే బయటివాళ్లయితే

ఇంట్లో ఎవరిదీ కాదు, ఎంసీబీలు దించినా కదల్లేదు, బ్లాక్ చేస్తే ఎవరూ అరవలేదు, పైగా కొన్నాళ్లకి ఇంకో కొత్త అడ్రస్‌తో అలాంటిదే మళ్లీ వచ్చింది. అప్పుడు మార్చండి పాస్‌వర్డ్. మ్యాక్ బ్లాక్ ఒక్కటీ నమ్ముకోవద్దు, ఫోన్ అడ్రస్ మార్చుకోవడం ఎంత తేలికో పైన చూశాం. కొత్త పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలు ఉండాలి, మొబైల్ నంబర్ వద్దు, ఫ్లాట్ నంబర్ వద్దు, పిల్లల పేరు పక్కన 123 అసలే వద్దు, అపార్ట్‌మెంట్‌లో అందరూ ముందు కొట్టి చూసేవి అవే. రౌటర్ సెట్టింగుల్లో సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి, వైఫైకి తాళం వేసే పద్ధతులవి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరుగా మార్చండి, రెండూ ఒకటే అనుకుని చాలామంది దీన్ని వదిలేస్తారు, స్టిక్కర్ మీదున్నదే ఏళ్ల తరబడి నడుస్తుంటుంది.

డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేయండి. బటన్ నొక్కితే కలిసిపోయే ఆ సదుపాయానికి 8 అంకెల పిన్ ఒకటి ఉంటుంది. 8 అంకెలంటే పది కోట్ల అవకాశాలు అనుకుంటాం, కానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె ఏమో మిగతా ఏడింటి నుంచి లెక్క కట్టేదే, అందుకని మొదటి ముక్కకి 10,000, రెండోదానికి 1,000, కలిపి 11,000 సార్లు ప్రయత్నిస్తే చాలు. ఈ లొసుగు 2011లోనే బయటపడింది. పిన్ దొరికితే మీ పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా వాళ్ల చేతికి వచ్చేస్తుంది. తర్వాత వచ్చిన రౌటర్లు తప్పు పిన్నులు వరసగా కొడితే తాళం వేసేస్తాయి, పాతవాటికి ఆ తెలివి లేదు. మీది పదేళ్ల నాటి డబ్బా అయి, కంపెనీ అప్‌డేట్లు కూడా ఆపేసి ఉంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి కొత్తది తెచ్చుకోవడమే మేలు.

పోనీలే, కాస్త నెట్ వాడుకుంటే వాడుకున్నారు అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. డేటా పోవడం చిన్న విషయం. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు మీడియాకి వెళ్లిన మెయిల్ ఆచూకీ తీస్తే నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి కనెక్షన్ తేలింది, ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. పోలీసులకి దొరికేది ఐపీ అడ్రస్, అది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లనే చూపిస్తుంది, తలుపు తట్టేది కూడా వాళ్లదే.

పాస్‌వర్డ్ మార్చాక ఒక్కో డివైజ్ తిరిగి కలుపుతున్నప్పుడే, రౌటర్‌లో దాని పేరు మీరే తెలుగో ఇంగ్లిషో మీకు అర్థమయ్యేలా మార్చేయండి, ‘హాల్ టీవీ’, ‘నానమ్మ ఫోన్’, ‘మేడ మీద మోటర్’ అని. చుట్టాలకి, పనివాళ్లకి, వీలైతే ఈ స్మార్ట్ వస్తువులన్నిటికీ కూడా గెస్ట్ నెట్‌వర్క్ వేరేగా పెట్టండి, అసలు పాస్‌వర్డ్ ఇంట్లో వాళ్ల దగ్గరే ఉంటుంది. కొత్త డివైజ్ చేరితే నోటిఫికేషన్ పంపే ఆప్షన్ కొన్ని రౌటర్ యాప్‌లలో ఉంటుంది, ఉంటే ఆన్ చేసుకోండి. అది మోగినప్పుడల్లా ఇంట్లో ఎవరైనా కొత్త ఫోన్ కొన్నారా అని ముందు ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి, ఆ తర్వాతే పై ఫ్లాట్ వాళ్ల సంగతి ఆలోచించండి.